ఇద్దరం ఒకే బస్సులో

పట్టుపురుగులు పెంచే మా పురుగుల ఇంట్లో గోడకు ఒక కొండ బొమ్మ ఉంది. ఎప్పుడో ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ అది. ఏడాది అయిపోయినా బొమ్మ బాగుందని, కింద తేదీల కాగితాలు చించేసి పైభాగం అలాగే ఉంచాను. నేపాల్లో మంచుకొండ అని అడుగున సన్నక్షరాల్లో రాసి ఉంటుంది. పట్టుపురుగులకు రోజూ మూడు పూటలా ఆకు వేస్తూ ఎన్నేళ్ళు ఆ కొండను చూశానో లెక్కలేదు. కోలారు వైపు క్యాసంబళ్ళి దాటాక వచ్చే మా ఊళ్ళో మంచు అంటే తెల్లారి పొలాల మీద కాసేపు కనిపించి పోయేదే. అలాంటి మనిషికి ఆ కొండ మీద ఆశ పుట్టిందంటే తప్పు నాది కాదు, ఎరువుల అంగడివాళ్ళది.

నా ఆశ ముందుగా మా అక్క కూతురికి చెప్పాను. బెంగళూరులో ఉద్యోగం, ఫోన్లోనే లోకమంతా తిరిగే పిల్ల. "శివరాత్రికి పోవద్దు చిన్నమ్మా, ఆడ గుడి దగ్గర ఇసకేస్తే రాలరు. ఏప్రిల్ వస్తే సెలవులోళ్ళు దిగతారు. మార్చి మొదట్లో పోతే చలి కొంచెం ఉంటాది గానీ జనం ఉండరు. నేనూ వస్తా," అంది. నేపాల్‌కు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదట, ఓటరు కార్డు చాలట. ఈ సంగతి పాల డైరీలో చెబితే ఒకాయన, "ఓటరు కార్డుతో పొయ్యేది యాడి పరదేశమమ్మా?" అని నవ్వాడు. "ముళబాగిలు దాటి నువ్వు యాడికి పోయినావో ముందు చెప్పు," అన్నాను. ఆయన పాలు పోసి వెళ్ళిపోయాడు.

అసలు కష్టం కార్డు కాదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మా ఆయనా నేనూ కలిసి ఒక్క రాత్రి కూడా ఊరు విడిచి ఉండలేదు. పురుగులు ఉంటే ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. మా కూతురి పెళ్ళి కోలారులో చేశాం, తలంబ్రాలు కాగానే ఆయన సాయంత్రం ఆకు వేయాలని ఊరికి బస్సెక్కాడు. మా అమ్మ పోయినప్పుడు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఎప్పుడు చూసినా మాలో ఒకరు గేటు దాటితే, రెండోవాళ్ళు గేటు పట్టుకుని "పోయిరా" అంటూ నిలబడేవాళ్ళు. నాకు కొండ చూడాలని ఉంది, నిజమే. కానీ ఆయన పక్కన నిలబడి చూడాలని ఇంకా ఎక్కువ ఉంది.

ఆయన ఒప్పుకోవడమే పెద్ద విశేషం. రెండు పంటల నడుమ ఖాళీలో అయితే వస్తానన్నాడు. ఒక్క పంట మానేస్తే ఏం పోతుందని అడిగాను. "ఆకు తోటలో ముదిరిపోతా ఉంటే నేపాల్ పోయి ఏం చూసేది?" అన్నాడు. అందుకని లెక్కవేసే పని నేను తీసుకున్నాను.

పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఆ పూట ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. రెండు జ్వరాలు అయిన పిల్లపురుగులను తెచ్చుకుంటాం, మిగతా రెండూ మా ఇంట్లోనే. నేను పాత నోటుబుక్కు తీసి, తెచ్చిన రోజు నుంచి గూళ్ళు విడిపించే రోజు వరకూ లెక్కపెట్టాను. ప్రయాణానికి రెండు రోజుల ముందే ఇల్లు ఖాళీ అవుతుందని తేలింది. అక్క కూతురు బెంగళూరు నుంచి ముగ్గురికీ టికెట్లు తీసేసింది.

నేను చూసింది ముందటేడు మే నెల పేజీ! ఎండల్లో పురుగు గబగబా తిని గబగబా పెరుగుతుంది. మేం బయల్దేరిన ఏడు చలి పోతూ పోతూ వెనక్కి తిరిగి కూర్చుంది. మూడో జ్వరం ఒక రోజు ఎక్కువ సాగింది, నాలుగోది ఇంకా సాగింది. ఎన్ని కుంపట్లు పెట్టినా పురుగులు వాటి దారిన అవి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నదాన్ని, ఎండాకాలం లెక్కతో చలికాలం పురుగును కొలిచాను. బయల్దేరే రోజుకు అవి ఆఖరి మేతలో ఉంటాయి. పగలూ రాత్రీ తినేది అప్పుడే, పండిన పురుగును కనిపెట్టి ఏరి చంద్రికల మీద, అంటే గూళ్ళు కట్టే తట్టల మీద వేయాల్సిందీ ఆ వారంలోనే.

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది. "నువ్వూ మీ అక్క బిడ్డా పోయి రాండి. నేనుంటా," అన్నాడు, ఎప్పుడూ అన్నట్టే.

అప్పుడే మా ఆకు కోతకొచ్చే అక్క ఆకు మూట తెచ్చి వాకిట్లో దించింది. బంగారు గని కూలీలకు కట్టిన కోరమండల్ లైన్ల ఇళ్ళలో ఉంటుంది, పదిహేనేళ్ళుగా మా తోటకొస్తోంది. భర్త గనిలో కిందికి దిగి పనిచేసినవాడు, ఇప్పుడు లేడు. ఆమె చెమట తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఏమప్పా, గనిలో మా ఇంటాయన పొద్దున్నే ఇత్తడి టోకెన్ తీసుకుని దిగతా ఉండె. షిఫ్టు అయితే పైకొచ్చి టోకెన్ ఇచ్చేసి ఇంటికి వస్తా ఉండె. ఇంకొకడు దిగతా ఉండె. నేను లేకుంటే గని నిలిచిపోతాది అని ఒక్క దినమన్నా అనలా. నీకు ముప్పై ఏండ్లుగా షిఫ్టే అయిపోలా కదప్పా. ఇంగ టోకెన్ ఇచ్చేయి, నేను చూసుకుంటా."

"అక్కా, నీకు ఈస్టరు ముందు తపస్సు కాలం కదా, శుక్రవారం గుడిలో సిలువ మార్గం ప్రార్థన ఉండాది కదా," అన్నాను.

"ఆకు వేస్తా వేస్తా ఈడే చెప్పుకుంటా. దేవునికేమన్నా చెవుడా?"

నా చూపు పురుగుల ఇంటి గడప మీదికి పోయింది. ఎందుకో చెబుతాను. బయటివాళ్ళ కాళ్ళతో రోగం వస్తుందని పురుగుల ఇంట్లోకి ఎవరినీ రానివ్వం. నియమం మంచిదే. కానీ పదిహేనేళ్ళు ఆ మనిషి కోసిన ఆకు తిని మా పురుగులు బతికాయి, ఆమెను మాత్రం ఒక్కసారీ గడప దాటనివ్వలేదు. సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మనడానికి నాకు ఎంతసేపు పట్టేది? సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆయన రెండు రోజులు కూర్చుని ఎప్పుడెంత ఆకు వేయాలో, పండిన పురుగు రంగు ఎలా ఉంటుందో కాగితం మీద రాశాడు. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది. "గడపలో నిలబడి పదిహేనేండ్లుగా చూస్తానే ఉండా కదప్పా," అంది. ఆ మాట దెప్పినట్టు లేదు, అందుకే నాకు ఇంకా గట్టిగా తగిలింది.

పంట సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మా వైపువాళ్ళకు అదే బెంగ. పంట బాగా వచ్చింది. కొండ కూడా చూశాం, బొమ్మలో ఉన్నంత తెల్లగానే ఉంది. కానీ ఆ ప్రయాణం అనగానే నాకు గుర్తొచ్చేది బయల్దేరిన పొద్దు.

ఆకు కోత అక్క ముందురోజే బట్టల సంచితో వచ్చేసింది. బయల్దేరే పొద్దున సున్నం నీళ్ళలో కాళ్ళు ముంచి, "లోపలి చెప్పులు యాడ?" అని అడిగింది. పురుగుల ఇంట్లో వేసుకునే చెప్పులు వేరు, అవి ఆ ఇల్లు దాటవు. ఆయన తన జత తీసి ఆమె ముందు పెట్టాడు, తాళంచెవి చేతికిచ్చాడు. "ఇదీ టోకెన్," అంటూ ఆమె అంతంత పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది.

నేను సంచి తీసుకుని గేటు దాటాను. నాలుగడుగులు వేశాక వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆయన కొత్త చొక్కా వేసుకుని, చేతిలో పెట్టెతో, రెండో చేత్తో గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను సాగనంపడానికి! ముప్పై ఏళ్ళ అలవాటుకు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"పోయిరా," అన్నాడు కూడా.

పురుగుల ఇంటి కిటికీ లోంచి అక్క కేక వేసింది. "ఏమప్పా, టోకెన్ ఇచ్చినాక ఈడేమి పని? నడువు!"

ఆయన చేతిని గేటు మీదనుంచి తీసి దానికేసి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గేటు దాటి వచ్చి, నా చేతిలో సంచి తీసుకున్నాడు. నేను వెనక్కి తిరిగి గేటు చూశాను. అక్కడ ఎవరూ లేరు.