బాపు బండికి స్పాన్సర్లు

పాత ఇనుము కొట్టు నుంచి ఆ బండిని తెచ్చుకున్న రోజున రెండు విషయాలు గట్టిగా అనుకున్నాను. ఒకటి, దాన్ని ఎవరూ గుర్తుపట్టనంతగా మార్చేయాలి. రెండు, అది ఏ బండో చచ్చినా ఎవరికీ చెప్పకూడదు.

ఆ సంగతేమిటో ఇక్కడే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించే ఓపిక నాకు లేదు. అది మా ఆర్మూర్‌లో శవాలను మోసిన వైకుంఠ రథం. ఎవరో పుణ్యాత్ముడు ఊరికి దానమిచ్చిన వ్యాను. దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది మా బాపు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు రోజుకు ఎన్ని ట్రిప్పులు కొట్టాడో ఆయనకే లెక్క తెలియదు. ఆ రోజుల్లో నేను ఆయన్ను ఇంట్లోకి రానివ్వలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని పైకి చెప్పాను. అసలు సంగతి నా భయం. షెడ్డులో మంచం వేయించాను. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి పది అడుగులు వెనక్కి పోయేవాణ్ణి. ఆయన వచ్చి గిన్నె తీసుకుని, "పో బిడ్డా, లోపలికి పో" అనేవాడు.

చివరికి ఆయనకే అంటుకుంది. నిజామాబాద్ దవాఖానలో పోయాడు. ఆయన బండిలోనే ఆయన్ను తెచ్చారు. నడిపింది నవీపేట్ దిక్కు నుంచి పిలిపించిన ఎవరో డ్రైవరు. నాకు లైసెన్సు ఉంది. స్టీరింగు పట్టడం నేర్పింది బాపే. శ్మశానం దగ్గర ఆ డ్రైవరు బండి దిగి, "ఎవరన్న జర చెయ్యేస్తరా?" అని కేకేస్తే నేను గేటు ఇవతలే నిలబడి నేల చూపులు చూశాను. కొడుకునని కూడా చెప్పలేదు. మిగతాదంతా ఆ పరాయివాడే చేశాడు.

నేను వెల్డరును. పసుపు ఉడకబెట్టే బాయిలర్లు, కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ములు చేస్తాను. డ్రమ్ముకు రేకు కోసం పోతే ఆ పాత ఇనుము కొట్టులో ముందు చక్రాలు లేకుండా, మోకాళ్ళ మీద కూలబడి కనిపించింది బండి. డ్రైవరు సీటు బాపు కూర్చున్నంత మేర గుంటపడి ఉంది. మర్నాడు గ్యాస్ కట్టర్ పెట్టి ముక్కలు చేస్తామన్నారు. రేకు సంగతి మరిచిపోయి బండి కొన్నాను.

కొన్నాక ఏం చేయాలి? ఉన్నదున్నట్టు ఇంటి ముందు పెట్టుకోలేను. అప్పుడే ఫోనులో చూశాను, హైదరాబాద్‌లో మార్చి కట్టిన బండ్లకు షో ఒకటి పెడుతున్నారని. పైకప్పు కోసేసి, వెడల్పు టైర్లు వేసి, ఇంజను మార్చి, మెరిసే రంగు కొట్టి ఆ షోలో నిలబెడితే ఇక అది చావు బండి ఎందుకవుతుంది? ఇదీ నా తెలివి. అంత ఖర్చు నావల్ల కాదు. స్పాన్సర్లను పట్టాలి. ఒక కాగితం మీద బండి బొమ్మ వేయించి, కింద "మీ దుకాణం పేరు బండి మీద రాస్తాం" అని అచ్చు వేయించి, ఆర్మూర్ బజారులో కాళ్ళరిగేలా తిరిగాను.

మా ఊళ్ళో స్పాన్సర్ అంటే ఎవరికి తెలుసు? చందా అంటే తెలుసు. గణేశ్ మండపానికి, అన్నదానానికి తప్ప ఇంకోదానికి జేబులో చెయ్యి పెట్టరు. విత్తనాల దుకాణాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "దేవుని ఫోటో లేదేంది?" అన్నాడు. దేవుడు కాదు, బండి అన్నాను. "మంచిది" అని నూటపదహార్లు తాంబూలం పెట్టినట్టు చేతిలో పెట్టి, "గోత్రం రాసుకో. పూజ నాడు సదవాలె" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ గోత్రం రాసుకున్నాను. సిమెంటు దుకాణాయన తలుపు నిండా తన ఫోటో, దండం పెడుతున్నది కావాలన్నాడు. టైర్ల దుకాణాయన ఒక్కడే సగం ధరకు నాలుగు టైర్లిచ్చి మర్యాద నిలబెట్టాడు.

అందరూ చివర్లో ఒకటే అడిగేవారు. "ఇంతకు గిదేం బండి? ఏడికెల్లి తెచ్చినవ్?"

"బాల్కొండ దిక్కు స్కూల్ బండి" అనేవాణ్ణి. మొదటిసారి నాలుక తడబడింది. మూడోసారికి స్కూలు పిల్లలు కిటికీల మీద గీసిన గీతలు కూడా చెప్పడం మొదలుపెట్టాను.

రంగు పని మా షెడ్డు పక్కనున్న పేంటర్ చాచాకు అప్పగించాను. బాపుకు దోస్తు, బండి సంగతి ఆయనకు తెలుసు. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వారం తర్వాత చాచా నన్ను పిలిచాడు. బండి పక్కకు తెల్ల ప్రైమరు కొట్టి ఉంది. దాని మీద ఎర్రగా, జ్వరమొచ్చిన ఒంటి మీద దద్దుర్లలాగా, అక్షరాలు తేలుతున్నాయి. వై... కుం... అని చదవడానికి వస్తోంది.

"ఎర్ర రంగు బేటా, పాతది. తెల్లది మూడు వరసలు కొట్టిన. మల్ల పైకి వస్తున్నది" అన్నాడు.

"ఇంకో మూడు కొట్టు చాచా!"

"కొడితే ఏమైతది? మొత్తం గీకాలె, ఇనుము కనపడేదాంక. నీకొక మాట చెప్తున్న, మీ బాపు గీ బండికి ఎన్నడు సిగ్గుపడలే."

ఇద్దరం రెండు రోజులు ఆ పక్కలు గీకాం.

గీకిన బండిని ఒకసారి పాత ఇంజనుతోనే పెర్కిట్ దాకా తోలి చూశాను. రంగు లేదు, రాత లేదు, పైకప్పు సగం కోసేశాను. అయినా బస్టాండు దగ్గర ఒక ముసలమ్మ చప్పున చెప్పులు విడిచి చేతులు జోడించింది. నా వైపు చూడలేదు. నా వెనక్కి, బండిలోపలికి చూసింది. వెనక ఎవరూ లేరని తెలిసి కూడా షెడ్డు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఎండకు రేకు వేడెక్కితే చాలు, లోపలి నుంచి బ్లీచింగు పౌడరు, ఊదుబత్తీ కలిసిన వాసన వచ్చేది. ఎన్నిసార్లు కడిగినా అంతే.

ఇంజనుకు, పెయింటుకు పెద్ద స్పాన్సర్ కావాలి. ఆఖరికి మార్కెట్ యార్డు వెనక ఒక అడ్తి సేటు ఒప్పుకున్నాడు. రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే పెద్ద దుకాణం ఆయనది. డెబ్బై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. నా కాగితం చదివి, "రంగు పసుపు కొట్టాలె. రెండు దిక్కుల నా దుకాణం పేరుండాలె. అయితదా?" అన్నాడు. అవుతుందన్నాను. ఏం బండి అని ఆయన ఒక్కడే అడగలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మర్నాడు చూడ్డానికి వచ్చాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వెనక తలుపు ఇంకా మార్చలేదు, ఆయన డబ్బుతోనే మార్చాలి. ఆ తలుపు దగ్గర ఆగిపోయాడు. అరచెయ్యి చాచి తలుపు మీద పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

"గీడనే పెట్టిన నా చెయ్యి" అన్నాడు. "మీ బాపు ఒర్లిండు. ముట్టొద్దు సేటు, దూరం జరుగు అని."

స్కూల్ బండి అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చాచా బ్రష్షు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

"నా ఇంటామెను గిండ్లనే తీస్కపోయిండ్రు. దవాఖానోళ్ళు సంచిల చుట్టి ఇచ్చిండ్రు." ఆయన తలుపుకే చెబుతున్నాడు. "నా గోదాంల పసుపు బస్తాలు పైకప్పు దాంక ఉండె. పునిస్త్రీగ పోయింది. ఆమె ముఖానికి చిటికెడు పసుపు పెట్టలే నేను. ఊరందరికి పసుపు అమ్మేటోన్ని, నా పెండ్లానికి పెట్టలే."

మా దిక్కున భర్త ఉండగా పోయిన ఆడమనిషికి ముఖానికి, కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వులు పెట్టి పంపుతారు. ఎంత బీదవాళ్ళయినా ఆ ఒక్కటి తప్పించరు.

ఆయన నా వైపు తిరిగాడు. "బిడ్డా, మీ బాపు ఇంట్ల ఏమన్న చెప్పిండా? ఆమెకు జర పసుపు గిట్ల పెట్టిండా?"

బాపు ఇంట్లో ఏం చెబుతాడు? నేను ఇంట్లోకి రానిస్తే కదా! గడప అవతల నుంచి గిన్నె తీసుకుపోయే మనిషి నాకేం చెప్పాడని? తెలియదు సేటు అనాలి. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన కళ్ళు చూశాను. బండికి కొత్త ఇంజను ఇంకా రాలేదన్నదీ గుర్తుంది. రెండూ ఒకేసారి గుర్తున్నాయి. అందుకే ఈరోజుకీ నన్ను నేను క్షమించుకోలేను.

"పెట్టిండు సేటు" అన్నాను. "సంచి జిప్పు తీసి పెట్టిండు. ఆడోళ్ళను ఉత్తగ పంపొద్దని జేబుల పొట్లం పెట్టుకునేటోడు."

సేటు అక్కడే పెయింటు డబ్బా మీద కూర్చుని ఏడ్చాడు. సాయంత్రానికి ఇంజనుకు కావలసింది పంపించాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరగ్గానే మళ్ళీ వచ్చాడు. పని ఎంతవరకు వచ్చిందో చూసే నెపంతో డబ్బా మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక, "ముఖానికేనా, కాళ్ళకు కూడ పెట్టిండా?" అన్నాడు. కాళ్ళకు కూడా అన్నాను. ఆ తర్వాతి వారం, "బొట్టు?" అన్నాడు. బొట్టు కూడా. వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పించుకునేవాడు. నేను చెప్పేవాణ్ణి. శ్మశానం గేటు దగ్గర బాపు బండి ఆపడం, అటూ ఇటూ చూడడం, గ్లౌజు తీసేసి ఉత్త వేళ్ళతో పసుపు అద్దడం. చెప్పగా చెప్పగా నాకు అది కళ్ళకు కట్టినట్టు కనిపించసాగింది. వెల్డింగు చేస్తుంటే అద్దంలో నిప్పురవ్వల వెనక బాపు వంగి ఉండేవాడు. ఒకసారి దడుసుకుని రాడ్డు వదిలేశాను. అది జరిగిందో, నేను అల్లిందో నాకే తేడా తెలియని రోజులు వచ్చాయి.

"ఎందుకు బేటా గట్ల చెప్తున్నవ్?" అన్నాడు చాచా ఒకరోజు. "సచ్చిపోయినోనితోని అబద్ధాలాడిస్తున్నవ్."

నేను ఆయన మీద గయ్యిమన్నాను. నీ రంగు నువ్వు చూసుకో అన్నాను. పాపం, ఆయన మళ్ళీ బ్రష్షు పట్టుకున్నాడు.

బండి పూర్తయింది. పచ్చటి పసుపు రంగు, నిగనిగలాడుతోంది. రెండు పక్కలా సేటు దుకాణం పేరు నల్లటి అక్షరాలతో రాశాడు చాచా. చిన్న స్పాన్సర్లందరి పేర్లూ వెనక తలుపు మీద వరసగా. బజారులో అందరూ ఆగి చూసి శభాష్ అన్నారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. నేను కోరుకున్నది అదే. అయినా షెడ్డులో దాని పక్కన ఒక్కణ్ణి నిలబడలేకపోయేవాణ్ణి.

హైదరాబాద్‌కు బయలుదేరే ముందు రోజు సేటు వచ్చాడు. తన పేరు మీద వేలు పెట్టి తడిమి, బాగుందన్నాడు. తర్వాత డబ్బా మీద కూర్చున్నాడు. మళ్ళీ పసుపు సంగతే అడుగుతాడని సిద్ధమయ్యాను.

"మరి మీ బాపుకు ఎవరు చేసిండ్రు బిడ్డా?" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు ఆ మాట. నేనే చేశాను అని అనొచ్చు. అల్లడం బాగా అలవాటైపోయిన నోరు. కానీ ఆ ఒక్క అబద్ధం మాత్రం రాలేదు.

"ఎవ్వలు చెయ్యలే సేటు" అన్నాను. "ఎవరో డ్రైవర్ చేసిండు. నేను గేటు కాడ నిలబడ్డ. ముట్టలే. భయమైంది." అక్కడితో ఆగలేకపోయాను. "ఆమె సంగతి కూడ నాకు తెల్వది. బాపు నాకేం చెప్పలే. నేను ఆయనతోని మాట్లాడనే లేదు ఆ దినాలల్ల. అన్ని నేనే కల్పించి చెప్పిన. నీ పైసలు నీకు తిప్పి ఇస్త సేటు, బండి అమ్మయిన ఇస్త."

పక్కనే అక్షరాలు దిద్దుతున్న చాచా తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎరుకే" అన్నాడు సేటు. "నేను దూరంకెల్లి చూసిన గా దినం. సంచి జిప్పు తియ్యలే. తాళ్ళు కట్టినయి కట్టినట్టే ఉండె, గట్లనే చితి మీద పెట్టిండ్రు."

"ఎరుకైతే మరి వారం వారం ఎందుకు అడిగినవ్ సేటు?"

"నువ్వు చెప్తుంటె పెట్టినట్టే ఉండె."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. లేచి పోతాడనుకున్నాను. పోలేదు. పక్కనున్న ఇంకో డబ్బా నా వైపు తోసి, కూర్చోమన్నాడు.

"జర ఇంకోసారి చెప్పు" అన్నాడు. "మొదటికెల్లి చెప్పు."

కూర్చున్నాను. గేటు దగ్గర బండి ఆగిందని మొదలుపెట్టాను. ఈసారి డ్రైవరు సీటులోంచి దిగింది బాపు కాదు, నేను. గ్లౌజు తీసేసింది నేను. తాళ్ళు విప్పి, జిప్పు కిందికి లాగి చూస్తే లోపల మా బాపు ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. కొంగుతో తుడిచే అమ్మ కూడా లేదు కదా, నా అంగీతోనే ఆయన ముఖం తుడిచాను. నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేశాను. భుజాల కిందికి చేతులు పోనిచ్చి ఎత్తుకున్నాను. ఎంత తేలికగా ఉన్నాడో సేటుకు చెప్పాను.

సేటు ఒక్కసారి కూడా నా మాటకు అడ్డం రాలేదు.