తీయకుండా వదిలేసిన నవ్వు

గండిమైసమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను ఒట్టు వేస్తే మా మేడ్చల్‌లో జనం మొదట నవ్వి తర్వాత వింటారని తెలుసు. షామీర్‌పేట చెరువులో మొసలికి గడ్డం గీశానని చెప్పుకు తిరిగింది కూడా నేనే. అయినా ఇది అన్న సంగతి. ఇందులో వేళాకోళం లేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. మేడ్చల్‌లో దర్జీ. పగలు జాకెట్లు కుట్టేవాడు, జాతర్లలో నాటకాలాడేవాడు. ఆయన లావు, నేను పుల్ల. స్టేజీ మీదికి ముందు ఆయన, వెనక నేను వస్తే చాలు, మాట రాకముందే చప్పట్లు పడేవి. సూరారంలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి, మొహం కూడా కడుక్కోకుండా పౌడరు పూసుకునేవాణ్ణి. తొంభైలలో మా చుట్టుపక్కల మేం ఆడని ఊరు లేదు. కానీ జనం వచ్చింది నా మాటల కోసం కాదు, అన్న నవ్వు కోసం. అది పొట్టలో మొదలయ్యేది. ముందు చొక్కా గుండీలు కదిలేవి, తర్వాత భుజాలు, ఆఖరికి నోరు తెరుచుకునేది. అప్పటికే డేరాలో సగంమంది కళ్లు తుడుచుకుంటూ ఉండేవాళ్లు.

టీవీ సీరియళ్లు పెరిగాక షామీర్‌పేట వైపు ఫామ్‌హౌసులన్నీ షూటింగు ఇళ్లయ్యాయి. ఒక సీరియల్లో అన్నకు వంటమనిషి వేషం దొరికింది, నాకు గిన్నెలు తోమేవాడి వేషం. కొన్నాళ్లకు కథలో వంటమనిషిని చంపేశారు.

"సచ్చినంక గూడ నవ్వు ఇయ్యాల్నట తమ్మీ," అన్నాడు అన్న.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. శవంగా పడుకున్నవాడు లేవగానే అదే కెమెరా ముందు నిలబడి నవ్వాలి. ఆ నవ్వు సీరియల్లో రాదు, ఎవరూ చూడరు. కానీ అది తీయకుండా ఎవరూ ఇంటికి పోరు. చచ్చినట్టు చూసిన కెమెరా, ఆ మనిషిని బతికి ఉండగా మళ్లీ ఒకసారి చూడాలి. పైగా అన్న అప్పటికే గుండెకు మందులు మింగుతున్నాడు. అది నాకూ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు భోజనంలో బగారన్నం గట్టిగా లాగించాడు. పాడె మీద పడుకోబెట్టి, బంతిపూల దండ వేసి, ముక్కులో దూది పెట్టారు. చుట్టూ ఏడుపులు. షాటు అయ్యీ అవకముందే చెరువు వైపు నుంచి మబ్బు కమ్మి, పట్టపగలు దీపాలు పెట్టే వేళలా అయింది. చినుకు పడగానే లైట్లు, వైర్లు, కెమెరా అన్నీ వ్యాను ఎక్కాయి. మేం పాడెను ఎత్తి వరండాలో పెట్టాం. అన్న కదల్లేదు. ఇంకా వేషంలోనే ఉన్నాడనుకున్నారంతా. నిజానికి నిద్రపోయాడు.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి వ్యాను గేటు దాటింది. వాన చప్పుడు, దండ కింద అన్న గురక. తట్టి లేపాను. ముక్కులోంచి దూది తీసుకుంటూ చుట్టూ చూశాడు.

"కెమెరా ఏది?"

"పోయిందన్నా."

"నా నవ్వు తియ్యలేదారా?"

నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

ఇంటి దగ్గర వదిన గడపలోనే అడిగింది. "నవ్వు తీసిండ్రా?"

"తీసిండ్రు తియ్."

"ఏదీ, నా ముంగట ఒక్కపారి నవ్వు."

అన్న వంగి చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాతి జాతరలో గుండీలు కదిలాయి, భుజాలు కదిలాయి, నవ్వు మాత్రం బయటికి రాలేదు. కొత్తరకం కామెడీ అనుకుని జనం ఇంకా ఎక్కువ నవ్వారు. పక్కనున్న నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నీళ్లలో నానినట్టు చల్లగా ఉంది. "లోపల ఎవ్వలో గొంతు వట్టుకున్నట్టున్నది తమ్మీ," అన్నాడు.

టీవీలో మాత్రం వంటమనిషి ఫోటో దండతో సహా రోజూ కనిపించేది. దుకాణానికి వచ్చే ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు: "ఏందన్నా, టీవీల సచ్చిపోతివి గద! ఇగ నా జాకెట్ ఎవ్వలు కుడుతరు?" ఒకప్పుడైతే దానికి పది జవాబులు చెప్పేవాడు. ఇప్పుడు మిషను ఆపి, ఎవరో పిలిచినట్టు గుమ్మం వైపు చూసేవాడు.

"పెండ్లి వీడియోలు తీసేటాయన దగ్గరికి పోదాం పా," అన్నాను.

"గా కెమెరానే గావాలె. నన్ను జూసింది గది."

చివరికి అదే కెమెరా దేవరయాంజాల్ పాత గుడి దగ్గరికి షూటింగుకు వచ్చిందని తెలిసి బస్సెక్కాం. కెమెరా ఆయన విని పాలిపోయాడు. "అయ్యయ్యో, తీయలేదా? రండి రండి, వెలుతురు పోకముందే కానిద్దాం." గుడి బయట గోడ ముందు నిలబెట్టాడు.

"నవ్వండి."

అన్న నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నేను మా పాత వేషాలన్నీ వేశాను. కుంటుతూ నడిచాను, మేకలా అరిచాను, మెట్టు మీంచి పడ్డాను. యూనిట్ వాళ్లు పొట్టలు పట్టుకున్నారు. అన్నకు చెమట పట్టింది, అంతే. గోడ మీద ఎండ పైపైకి పోతోంది. ఇక వేరే దారి తోచక మొహం మీద తువ్వాల కప్పుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నాను. "గా దినం నువ్వు గిట్లనే పన్నవే అన్నా!" అని గట్టిగా గురక పెట్టాను. అప్పుడు నవ్వాడు అన్న. గోపురం మీది పావురాలు లేచిపోయేంత నవ్వు. కెమెరా ఆయన ఓకే అన్నాడు. వదినకు చూపించమని తర్వాత క్యాసెట్ చేసి పంపాడు.

దీపావళి రాకముందే అన్న పోయాడు. మిషను మీద తల వాల్చి, నిద్రపోతున్నట్టే. "నవ్వు తీసినా పాయె," అన్నారు జనం.

ఇప్పుడు ఇందులో నేను కల్పించింది చెప్పాలి. ఆ గుడి దగ్గర అన్న నవ్వలేదు. గుండీలు కదిలాయి, నోరు తెరుచుకుంది, శబ్దం లేదు. తువ్వాల కింద నుంచి ఆయన నవ్వు నేను నవ్వాను. అన్నేళ్లు పక్కన నిలబడినవాణ్ణి, ఎక్కడ మొదలై ఎక్కడ పగులుతుందో నాకు తెలుసు. పావురాలు లేచింది నా నవ్వుకే. ఆ లెక్కన శవంలా పడుకున్నవాణ్ణీ నేనే, కెమెరాకు నవ్వు ఇచ్చినవాణ్ణీ నేనే. అన్న నవ్వు బాకీ అలాగే ఉండిపోయింది.

అన్న పోయిన రోజున ఏడాదికోసారి వదిన నన్ను పిలిచి ఆ క్యాసెట్ పెడుతుంది. "మంచిగ నవ్విండు గదా మరిదీ," అంటుంది. "మంచిగ నవ్విండు వదినా," అంటాను. టీవీ శబ్దం మాత్రం ముందే పూర్తిగా తగ్గించి పెడుతుంది.