పారబోసిన నీళ్లు

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతు దాటలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో తార్నాకలో ఒక మూలకణాల ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. రోగి నుంచి తీసిన కణాలను సంచిలో గడ్డకట్టించి దాచడం, తిరిగి ఎక్కించే రోజున గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కరిగించి వార్డుకు పంపడం నా పని. గడ్డకట్టిన సంచికి కంటికి కనిపించని చీలిక ఉండొచ్చు. అందుకే దాన్ని మరో శుభ్రమైన కవరులో పెట్టి నీళ్లలో దించాలి. నీళ్లు ప్రతిసారీ మార్చాలి.

ఆ రోజు రెండూ చేయలేదు. కవర్లు అయిపోయాయి. స్టోరు కింది అంతస్తులో ఉంది. వార్డు నుంచి డాక్టరు ఫోను మీద ఫోను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. అలసటా? నిర్లక్ష్యమా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా నాకు అనుకూలమైన జవాబు దగ్గరే ఆగిపోతాను.

ఆ కణాలు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ అబ్బాయివి. డిగ్రీ చదివేవాడు. తిరిగి ఎక్కించే కణాలు నాటుకోవాలని, అతని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తినంతా ముందే మందులతో తీసేశాం. ఎక్కించిన సాయంత్రమే చలిజ్వరం. రక్తంలో బ్యాక్టీరియా దొరికింది. వారం తిరక్కుండానే పోయాడు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టే పని నాకే అప్పగించారు.

నమూనాలు తీయాల్సిన ఉదయం అందరికంటే ముందు వెళ్లాను. తొట్టిలోంచి కొంచెం నీళ్లు తీసి ఎవరికీ తెలియకుండా పరీక్షకు పెట్టాను. మిగతావి పారబోసి, తొట్టిని మందు వేసి కడిగాను. తర్వాత అందరి ముందూ తీసిన నమూనాల్లో ఏమీ రాలేదు. నేను దాచినదాంట్లో అదే బ్యాక్టీరియా పెరిగింది. దాన్ని నేనే నాశనం చేశాను.

ల్యాబ్‌లో ఏమీ లేదంటే ఇక మిగిలింది సంచిని గొట్టానికి తగిలించిన నర్సు. ఆమెను ఎస్తేరు అందాం. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు యూనివర్సిటీ రోడ్డులో ఎదురైంది. మాణికేశ్వర్ నగర్‌లోని ఇంటికి నడిచి వెళ్తోంది. నన్ను చూసి ఆగింది.

"చేతులు మంచిగనే కడుక్కున్ననక్కా, నాకు యాదికున్నది. గానీ అందరూ అంటుంటే నాకే డౌట్ వస్తున్నది. నా చేతుల నుంచే పోయిందేమో ఆ పిలగానికి?"

"అట్లా ఆలోచించొద్దు ఎస్తేరూ" అన్నాను. కాదు అని మాత్రం అనలేదు.

"మా పాపకు బువ్వ తినిపియ్యాలన్నా బయమైతున్నదక్కా" అంది.

ఆమె మళ్లీ నర్సు పనికి వెళ్లలేదు. బట్టల షాపులో చేరిందని విన్నాను. నేను ఇప్పుడు ఆ రోడ్డులోని యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతున్నాను. కవరు లేకపోతే పని ఆపండి, ఎవరు తొందరపెట్టినా ఆపండి అని పిల్లలకు గట్టిగా చెబుతాను. ఇలా ఎక్కడైనా జరిగిందా మేడం అని అడుగుతారు. జరిగిందట అంటాను. ఆ "ట" దగ్గర ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ అబ్బాయి తల్లిదండ్రులు, ఆస్పత్రిలో చెప్పినట్టు, జబ్బే తీసుకుపోయిందని నమ్ముతున్నారు. వాళ్ల గుమ్మం తొక్కే ధైర్యం నాకు లేదు. క్షమించమని అడిగే హక్కూ లేదు. అడగడం లేదు.

ఎస్తేరూ, తప్పు నీ చేతులది కాదు. బ్యాక్టీరియా నేను మార్చని నీళ్లలోంచి వచ్చింది. అది తెలిసీ దాచాను.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.