నల్లతెర నాతో తెలుగులో మాట్లాడిన వేసవి

మొన్న ఆదివారం ఇబ్రహీంపట్నం షాపులో పాత సామాను తీసేస్తుంటే, నా కూతురు మూలన పడి ఉన్న లావుపాటి కంప్యూటర్‌ను బయటికి లాగి, దుమ్ము తుడిచి, ఇచ్చేసే ముందు ఒక్కసారి చూస్తావా అని కరెంటు పెట్టింది. చాలాసేపు గురగురలాడి వెలిగిన ఆ తెర మీద పెద్ద పెద్ద ఆకుపచ్చ మీటలు కనబడగానే, నేను చేతిలోని చీపురు అక్కడే పడేసి చిన్నపిల్లలా కుర్చీ లాక్కున్నాను. బడి గడప తొక్కకుండానే అత్తగారింటికి నడిచిన నా ఈడు ఆడవాళ్లకు ఈ సంబరం అర్థమవుతుందని ఇదంతా రాస్తున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా వాడలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ ఆడవాళ్లకు చదువు చెబుతుంటే, మొదట ముచ్చట్ల కోసం వెళ్లి, తరువాత పలక మీద ప్రాణం పెట్టుకున్నాను. అప్పటికే నా కూతురు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టి నడుపుతోంది. చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా ఫారాలకు, హాల్‌టికెట్లకు అక్కడికే వచ్చేవారు. ఆ వేసవికి తను కడుపుతో ఉంది. ఏడో నెలలో డాక్టరమ్మ ఇక మంచం దిగవద్దని గట్టిగా చెప్పింది. అల్లుడు పొద్దున్నే హయత్‌నగర్ డ్యూటీకి వెళ్లిపోతాడు. పరీక్షల రోజుల్లో షాపు మూస్తే గిరాకీ పక్క షాపుకు అలవాటుపడి మళ్లీ రాదు కాబట్టి, షాపును ఎవరికైనా ఇచ్చేద్దామని తను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, ఏ ధైర్యంతో అన్నానో గానీ, నేను కూర్చుంటానన్నాను.

మా ఆడబిడ్డ పగలబడి నవ్వింది. “వదినె కంప్యూటర్ నడుపుతదట! ఇగ బర్రె బస్సు నడుపుతది సూడుర్రి.”

నా కూతురు మాత్రం నవ్వలేదు. షాపులో ఏదైనా ఆగిపోతే తను ఒక నల్లతెర తెరిచి, ఇంగ్లీషులో ఒక ఆజ్ఞ టైపు చేసేది. జవాబు కూడా అక్కడే ఇంగ్లీషులో వచ్చేది. నాకు వచ్చింది తెలుగు ఒక్కటే, అదీ కూడబలుక్కునే తెలుగు. అందుకని మంచం మీదే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక చిన్న ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది. నేను మీట నొక్కితే, ఆ ప్రోగ్రామే లోపల నల్లతెరకు ఆజ్ఞ ఇచ్చి, అది చెప్పే జవాబును పట్టుకుని, నాకు తెలుగులో పెద్ద అక్షరాలతో చూపించాలి. నాకు ఇంకా సరిగ్గా రాని ఒత్తులు పడకుండా మాటలు వెతికి వెతికి రాసిందని, అప్పుడు నాకు తెలియనే తెలియదు.

మొదటిరోజు ధూపం వేసి, షాపులో కూర్చుని, ప్రింటర్ ఎట్లున్నదో అడిగే మీట నొక్కాను. తెర మీద జవాబు కనబడే డబ్బాలో సున్నా వచ్చింది. ప్రింటర్ ఖరాబైందని వచ్చినవాళ్లనందరినీ వెనక్కి పంపి, కూతురికి ఫోన్ చేశాను.

“అయ్యో, సున్నా వస్తే మంచిదే అమ్మా! ఒక్క తప్పు కూడ లేదని.”

“సున్నా మంచిదెట్లయితదే? మా టీచరమ్మ నాకు సున్నా పెట్టిననాడు మీరంత నవ్వలేదా?”

తను నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుందట. తరువాత విడమరిచి చెప్పింది. పక్కింటికి పోయి తోడు పెరుగు ఉందేమో అడిగి రమ్మంటే, అడిగొచ్చిన అని చేతులూపుకుంటూ నిలబడ్డట్టుగా, ప్రోగ్రాము పని జరిగిందన్న అంకె మాత్రం తెచ్చి, మాటలు అక్కడే వదిలేసి వస్తోందట. సాయంత్రానికల్లా దిద్ది, నెట్ మీదే షాపుకు పంపించింది. తెల్లవారి నొక్కితే “బాగానే ఉంది” అని వచ్చింది! నేను ఊరికే మళ్లీ మళ్లీ నొక్కి చదువుకున్నాను.

నాకు అసలు పరీక్ష మాత్రం హాల్‌టికెట్లు వచ్చిన రోజు ఎదురైంది. షాపు నిండా పిల్లలు, తెల్లారితే పరీక్ష, ప్రింటర్ ఆగిపోయింది. మీట నొక్కితే డబ్బా ఖాళీ. సున్నా లేదు, మాట లేదు.

“ఏమైంది పెద్దమ్మా? జల్ది జెప్పు, మన్నెగూడ బస్సు పోతది” అని ఒక పిల్ల తొందర. వెనక నుంచి ఒకడు పక్క షాపుకు పోదామంటున్నాడు, సగం మంది అటు తిరిగారు కూడా.

ఫోన్ చేస్తే నా కూతురు, “తప్పుల మాటలు వేరే తొవ్వల పోతయమ్మా, నేను మంచి మాటల తొవ్వకే చెయ్యి పట్టిన. జర ఆపు వాళ్లను, రెండు తొవ్వలు కలుపుత” అంది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడి, బతిమాలి, బెదిరించి ఆపాను. ఫోన్ మోగగానే వచ్చి మీట నొక్కాను. డబ్బా నిండా అక్షరాలు!

ముందున్న పిల్ల నేను చదువుతానని ముందుకు వంగింది.

“ఆగు బిడ్డా, నేనే జదువుత.”

“నువ్వు జదివేసరికి పరీక్ష గూడ అయిపోతది పెద్దమ్మా!”

అందరూ నవ్వారు. నవ్వుతూనే నా భుజాల మీదుగా వంగి చూశారు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పైకి చదివాను. “మి-ష-ను క-న-బ-డు-త-లే-దు. తీ-గ చూ-డు.” చూస్తే, తొక్కిసలాటలో ఎవరి కాలో తగిలి ప్రింటర్ తీగ ఊడి ఉంది. పెట్టగానే అది టకటకమని మొదటి హాల్‌టికెట్ కక్కింది. పిల్లలు వేసిన కేకకు బస్టాండులో జనం తొంగి చూశారు. పక్క షాపు వైపు తిరిగినవాళ్లు మళ్లీ వరుసలో నిలబడ్డారు. ఆ వేసవి దాటింది, మనుమరాలు చల్లగా పుట్టింది, షాపు మాకే మిగిలింది.

ఇప్పుడు హాల్‌టికెట్ అయినా, బస్సు వేళ అయినా ఎవరి అరచేతిలోకి వాళ్లకే వచ్చేస్తోంది. షాపులో కాస్త స్టేషనరీ పెట్టుకున్నాం. నేనూ ఇప్పుడు ఒత్తులతో సహా గబగబా చదువుతాను, మనసులోనే. ఏ జవాబు కోసమూ అంతమంది నా భుజం మీద వాలరు, ఏం రాసుందో జల్ది చెప్పమని నన్ను ఎవరూ తొందరపెట్టరు.