సార్‌తో దుబ్బాక వెళ్లిన రోజు

మా సార్ పోయారన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. పాత విద్యార్థి ఒకతను ఫోన్ చేసి, "మేడం, సార్ ఇగ లేడు" అన్నాడు. సిద్దిపేటలో కంప్యూటర్ నేర్చుకున్న ఒక తరానికి ఆయన సార్. ఆయన పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను.

నేను వెళ్లేసరికి సార్‌ను మోసుకుని జనాజా మసీదుకు బయలుదేరింది. లోపల ఆడవాళ్ల మధ్య ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆమెను మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాం. వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల సంగతులు తీశారు. "సార్ మెసేజులు పెట్టి ఎంతమందికి రక్తం ఇప్పిచ్చిండో" అన్నారొకరు. "దుబ్బాకామెను బతికిచ్చింది సారే గదా" అన్నారు ఇంకొకరు. ఆపా నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. జరిగింది అది కాదని మా ఇద్దరికీ తెలుసు. సార్ ఉండి ఉంటే వాళ్లను ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేవారు. నాకు నోరు రాలేదు. ఇంటికి వచ్చినా ఆ సిగ్గు వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఉద్యమం ఊపులో ఉన్న ఆ రోజుల్లో మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం ఒకటి సార్ స్వయంగా రాశారు. దానికి కావలసిన పనిముట్లను ప్లగిన్లనే విడి ముక్కలుగా ఒక్కొక్కటే తగిలించవచ్చు. మెసేజ్ పంపే ప్లగిన్ ఒక్కటే, కానీ దాన్ని వేర్వేరు సెట్టింగులతో ఎన్ని సర్వీసులుగానైనా నడపవచ్చు. ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులకు ఒకటి, దీక్షా శిబిరానికి ఒకటి, రక్తం ఇచ్చేవాళ్లకు ఒకటి నడిచేవి. దేని నంబర్లు దానివే.

"కోడ్ ఒక్కటే గానీ నడిచేటియి ఒక్కటి గావు. దేని పేరు దానికుండాలె, దేని సెట్టింగు దానికుండాలె" అనేవారు పాఠంలో.

"అంటే మీ ప్రోగ్రాంల గూడ ప్రత్యేక రాష్ట్రమేనా సార్?" అని పిల్లలు అడిగితే కళ్లద్దాలు తీసి మరీ నవ్వేవారు.

సెట్టింగు ఏది మార్చినా తెర మీద వేలు పెట్టి, ప్రతి వరుసా పైకి చదివి, అప్పుడు సేవ్ చేయడం ఆయన అలవాటు. ఎదురుగా ఎవరున్నా సరే, నమాజు తర్వాత దువా చదివినంత శ్రద్ధగా చదివేవారు. మాకు నవ్వొచ్చేది.

ఆ ఒక్కనాడు చదవలేదు. బంద్‌కు ముందురోజు క్లాసుల వేళలు మారాయని తల్లిదండ్రులకు చెప్పడానికి ఇంకో సర్వీసు కావలసి వచ్చింది. శిబిరంలో ఆయన కోసం ఎవరో ఎదురుచూస్తున్నారు. రక్తదాతల సర్వీసును కాపీ చేసి, నంబర్లు మార్చి, సేవ్ నొక్కి లేచిపోయారు. కొత్త పేరు పెట్టడం మరిచారు. పేరు పాతదే కావడంతో మార్పులు పాతదానిలోకే వెళ్లాయి. రక్తదాతల నంబర్ల చోట తల్లిదండ్రుల నంబర్లు వచ్చి కూర్చున్నాయి.

మర్నాడు బంద్. బస్సులు లేవు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. దుబ్బాక నుంచి వచ్చిన చేనేత కుటుంబపు కోడలు, కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదు, తేలికగా దొరకని గ్రూపు. సార్ వెంటనే మెసేజ్ పెట్టారు. వెళ్లిందని తెర మీద కనిపించింది. కానీ ఎవరూ ఫోన్ చేయలేదు. చాలాసేపటికి ఒక విద్యార్థి తండ్రి చేశాడు. "క్లాసుల ముచ్చటేమో అని ఇప్పటిదాక చూడలే సార్. గీ రక్తం మెసేజ్ మాకెందుకొచ్చింది?"

సార్ సెట్టింగులు తెరిచారు. పక్కన నేనున్నాను. ఆయన ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాను.

రాసిపెట్టుకున్న జాబితా చూసి సరైన నంబర్లకు పంపాక చేర్యాల రోడ్డు మీద రాళ్లూ టైర్లూ దాటుకుంటూ బైకుల మీద మనుషులు వచ్చారు. ఆమె బతికింది, పుట్టిన ఆడపిల్లా బతికింది. కానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. రక్తం ఆలస్యం కావడం వల్లనేనా అని సార్ డాక్టరమ్మను అడిగారు. "కావచ్చు, కాకపోవచ్చు. చెప్పలేం" అందావిడ.

కొన్నాళ్లకు సార్ దుబ్బాక బయలుదేరుతూ నన్నూ రమ్మన్నారు. ఆ ఇంట్లో మమ్మల్ని చూసి పండగ చేశారు. ఆమె భర్త తాను నేసిన తువ్వాల తెచ్చి సార్ భుజాన కప్పబోయాడు. సార్ ఏం చెప్పబోతున్నారో నాకు అర్థమైంది. "సార్, వద్దు. వాళ్లు సంబురంగ ఉన్నరు" అన్నాను మెల్లగా.

ఆయన వినలేదు. "నాకు కప్పకు బిడ్డా. మెసేజ్ మొదలు వేరేటోళ్లకు పోయింది. గలతీ నాదే. దాంతోనే రక్తం ఆలస్యమైంది" అన్నారు. మొత్తం చెప్పారు, ఏదీ తగ్గించకుండా.

అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా మాట మాకెందుకు చెప్పినవ్ సారూ? నువ్వే బతికిచ్చినవనుకుని జర నిమ్మళంగ ఉంటిమి" అంది.

చెప్పడం కూడా ఇంకో తప్పయిందేమోనన్నట్టు సార్ అలాగే నిలబడిపోయారు. అప్పుడు లోపలి నుంచి ఆ కోడలి గొంతు వినిపించింది. "చెప్పనీ అత్తా. నా ఒంటికైన సంగతి నాకు తెల్వొద్దా?"

తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. అంతే అంది. భర్త తువ్వాలను మడత పెట్టి లోపలికి తీసుకుపోయాడు. నేనైతే భూమిలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. తప్పు చేసిన మనిషి తలెత్తుకుని వాళ్ల ఎదుట నిలబడ్డాడు, ఏ తప్పూ చేయని నేను దాచమన్నాను.

తర్వాత కాపీ చేసిన సర్వీసును పేరు మార్చకుండా సేవ్ చేయనివ్వని విధంగా ప్రోగ్రాం మార్చారు. ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి క్లాసులో ఈ కథే చెప్పేవారు. పిల్లల ముందు ఎందుకు సార్ అని నేనంటే, "నా ఇజ్జత్ కంటె రేపు వాళ్ల చేతిల పడే మనుషులు పెద్ద, మేడం" అన్నారు.

ఆ రోజు దుబ్బాక నుంచి వస్తుంటే దారిలో బస్సు ఆగిపోయింది. ఊరంతా ఉద్యమం కోసం రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తోంది. దిగిన ప్రయాణికులందరికీ విస్తర్లు ఇచ్చారు. ఒక పెద్దావిడ సార్‌ను గుర్తుపట్టి, పప్పన్నం వడ్డిస్తూ, "మీ మెసేజ్ జూసే అందరం వచ్చినం సార్. తిను, కడుపునిండ తిను" అంది. డప్పులు మోగుతున్నాయి. సార్ విస్తరి రెండు చేతులతో పట్టుకుని రోడ్డు నడిమధ్య నిలబడ్డారు. అన్నం మీద ఆవిరి లేస్తోంది. తినమని ఆమె మళ్లీ మళ్లీ అంటోంది. ఆయన చెయ్యి అన్నంలోకి వెళ్లడం లేదు.