ముల్లు కదలని నాలుగు గ్యాలన్లు

రెండువేల ఆరు నాటి ఆ శీతాకాలంలో నా శనివారాలన్నీ అమెరికాలోని నోవై అనే ఊళ్లో, ఒక రిటైర్డ్ మత్తుమందు డాక్టరు గారి గరాజ్‌లో గడిచాయి. ఆయన ఆరేళ్లుగా ఒక చిన్న విమానాన్ని సొంత చేతులతో కట్టుకుంటున్నారు. నేను కార్ల ఇంధన గేజ్‌ల విభాగంలో ఇంజనీరునని తెలిసి, రెక్కల్లోని ట్యాంకులకు సెన్సర్లు అమర్చే పని నాకు అప్పగించారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. నా చదువు మీద ఒకరి ప్రాణం ఆధారపడడం అదే మొదటిసారి.

ట్యాంకు పక్క రేకుకు రంధ్రం చేసి, తేలే బెండు ఉన్న తీగను లోపలికి పంపి, చుట్టూ కారకుండా సీలెంట్ పూసి మరలు బిగించాము. ఆ వాసన రెండు రోజులు చేతులను వదిలేది కాదు. ఆయన భార్యను నేను ఆంటీ అనేవాణ్ని. ఆవిడ గరాజ్ గుమ్మం దగ్గరే ఉప్మా ప్లేట్లు అందించి, "స్పూన్‌తో తినండి, ఆ చేతులతో కాదు" అనేవారు.

వసంతంలో విమానం ఎయిర్‌పోర్టులోని హ్యాంగర్‌కు చేరింది. తొలిసారి ఎగరడానికి ముందు ఆంటీ షరతు పెట్టారు.

"గేజ్ కరెక్ట్ అని అబ్బాయి చూపిస్తేనే మీరు టేకాఫ్ చేసేది."

హ్యాంగర్ బయట ట్యాంకు నిండుగా నింపి, కింది వాల్వ్ తెరిచి, గ్యాలన్ చొప్పున డబ్బాల్లోకి దించసాగాను. డాక్టరు గారు నాకు డబ్బాలు అందిస్తుంటే, ఆంటీ కాక్‌పిట్ పక్కన నిలబడి గేజ్ ముల్లును చూస్తున్నారు.

"ఎన్ని తీశావు?"

"నాలుగు, ఆంటీ."

"ఇది ఇంకా ఫుల్ అంటోందే."

నాకు వెంటనే అర్థమైంది. కార్లలో ముల్లు నిండు గీత మీద కొంతసేపు ఆగేలా మేము కావాలనే అమర్చేవాళ్లం. బంకు దాటగానే అది పడిపోతే కారు కొన్నవారికి నచ్చదు. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చాను. రెక్క వాలు వల్ల పైభాగంలో బెండు కదలదని సాకు చెప్పి ఉంటే ఇద్దరూ నమ్మేవారు.

"తప్పు నాది, అంకుల్. కార్ కస్టమర్ సంతోషం కోసం చేసేదే ఇక్కడా చేసేశాను."

"నలభై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో మానిటర్ చూస్తూ మనుషుల్ని నిద్రపుచ్చాను అబ్బాయ్. నా సంతోషం కోసం నంబర్ మార్చే మానిటర్ ఒక్కటీ తగల్లేదు."

"మీ జోకులు తర్వాత," అన్నారు ఆంటీ. "ఇంకెక్కడైనా అలా చేశావా?"

"అడుగున కూడా. ఖాళీ అని చూపించాక కొంచెం మిగిలేలా."

"అదొక్కటీ ఉంచెయ్యి."

"వద్దు," అన్నారాయన. "ఖాళీ అంటే ఖాళీ."

ఆ రోజు విమానం ఎగరలేదు. రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, ఒక్కొక్క గ్యాలనే పోస్తూ, ఆంటీ ముల్లును చదివి చెబుతుంటే గేజ్‌ను మళ్లీ సరిచేశాను.

మరుసటి శనివారం ఆయన ఎగిరి, క్షేమంగా దిగారు. నేను ట్యాంకులోకి కొలకర్ర దించబోతే ఆంటీ దాన్ని అందుకొని తానే కొలిచారు. కర్ర మీద తడి గీత గేజ్ చెప్పిన కొలత దగ్గరే ఉంది. ఆవిడ కాసేపు పక్క సీటు వైపు చూశారు.

"ఈ బెల్ట్ ఎలా పెట్టుకోవాలి?"

"నేనొక్కణ్నే ఎగరాల్సిన టెస్ట్ గంటలు అయ్యేదాకా ఎవర్నీ ఎక్కించకూడదు," అన్నారాయన.

"అయ్యాకే ఎక్కుతాను. సమ్మర్‌కి అవుతాయా?"