ఫొటోలో ఆరుగురు

రంజన ఎవరినైనా క్షమించిందంటే టూవూంబాలో ఆమెను ఎరిగినవాళ్లెవరూ నమ్మరు. ఆస్ట్రేలియాలో కొండ మీది ఊరది. అక్కడ స్కూలు బస్సు నడుపుతుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, యాభయ్యో ఏడు నడుస్తోంది. 1987లో ఫిజీ దీవుల్లో సైన్యం, భారతీయులు ఎక్కువున్న ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. అక్కడి లంబాసా ఊళ్లో తమ కొట్టు అద్దాలు పగలగొట్టినవాడెవడో తెలిసి కూడా నాన్న అప్పల్సామి ఒక్క మాట అనకుండా ఆస్ట్రేలియా విమానం ఎక్కాడు. నాన్న మంచితనం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషితో బ్రెట్ పెట్టుకున్నాడు.

బ్రెట్ సముద్రతీరంలో ఒక సర్ఫ్ లైఫ్‌సేవింగ్ క్లబ్బుకి ప్రెసిడెంటు. బీచ్‌లో కాపలా కాసి, మునిగేవాళ్లను ఒడ్డుకు లాగే వాలంటీర్ల సంఘమది. నాలుగేళ్ల కిందట ఆ క్లబ్బు ఆబోరిజినల్ యువతకు, అంటే అక్కడి ఆదివాసీ పిల్లలకు, ఉచిత శిక్షణ అని ప్రకటన వేసింది. రంజన బస్సులో వచ్చే ఆరుగురు ముర్రీ అమ్మాయిలు వెళ్తామని సరదాపడ్డారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఆబోరిజినల్ జనం తమను తాము ముర్రీలనే చెప్పుకుంటారు. ఒక శనివారం పొద్దున్నే బయల్దేరి, రెండున్నర గంటలు బస్సు నడిపి, రంజన వాళ్లను సముద్రం దగ్గర దింపింది.

బ్రెట్ నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆరుగురి నెత్తినా లైఫ్‌సేవర్ల ఎరుపూ పసుపూ టోపీలు పెట్టించాడు, సర్ఫ్ బోర్డు పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించాడు. అది అయిపోగానే టోపీలు వెనక్కి తీసుకున్నాడు. “ఈ సీజన్‌కి ఖాళీల్లేవు గర్ల్స్, బోర్డులూ లేవు. వచ్చే ఏడు చూద్దాం” అన్నాడు. పిల్లలు ఒడ్డున కాసేపు ఇసుకను కాళ్లతో తన్ని బస్సెక్కారు. రంజన స్టీరింగు పిసికేస్తూ నడిపింది.

రెండు నెలల తర్వాత వాళ్లలో పెద్దదైన మార్లీ ఫోన్ తెచ్చి చూపించింది. క్లబ్బు హాలు గోడ మీద ఆ ఫొటో నిలువెత్తున ఉంది. కింద ‘మా ఆబోరిజినల్ యువ సభ్యులు’ అని రాసుంది. ఆ ఆరుగురిలో ఒక్కరికీ సభ్యత్వం లేదు.

“ఆడి బొమ్మకి మన పిల్లలు కావాలి గానీ, ఆడి క్లబ్బుకి అక్కర్లేదంట. సూడు, ఆ ఫొటో ఆడి సేతే దింపించకపోతే నేను అప్పల్సామి కూతుర్నే కాదు” అంది రంజన. అప్పల్సామి అక్షరాలు నేర్పకపోయినా తెలుగు మాట మాత్రం నేర్పాడు.

విన్నది పక్కింటి సుగుణ. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. “రంజనా, ఎందుకంత టెన్షన్? జస్ట్ లీవ్ ఇట్. కంప్లైంట్ మెయిల్ ఒకటి పెట్టేస్తే సరిపోతుంది కదా” అంది.

“మెయిలా? నా కాలి గోరు పెడతాను” అంది రంజన.

కొండ మీది ఊళ్లో ఇసుక ఎక్కడుంది? గుర్రాల పందేలు ఆడించే షోగ్రౌండ్‌లో ఉంది. రంజన అక్కడివాళ్ల కాళ్లావేళ్లా పడి, వారానికి మూడు సాయంత్రాలు అనుమతి సంపాదించింది. బీచ్ ఫ్లాగ్స్ అనే ఆట ఉంది. ఇసుకలో రబ్బరు గొట్టం ముక్కలు గుచ్చుతారు, ఆడేవాళ్ల కంటే ఒకటి తక్కువ. అందరూ వాటికేసి కాళ్లు పెట్టి బోర్లా పడుకోవాలి. ఈల వినగానే లేచి, వెనక్కి తిరిగి, పరిగెత్తి అందుకోవాలి. దొరకనివాళ్లు ఇంటికి. గుర్రపు లద్దెలు ఏరి పారేసి మరీ ఆ పిల్లలు అది నేర్చారు. బ్రెట్ క్లబ్బు పక్క బీచ్‌లో ఒక చిన్న క్లబ్బు వాళ్లను చేర్చుకుంది. మరుసటేడు ఒక ఆదివారం పోటీల్లో బ్రెట్ క్లబ్బు చాంపియన్ చేతికి ఒక్క జానెడు దూరంలో ఉన్న ఆఖరి గొట్టాన్ని మార్లీ లాక్కుంది. రంజన ఒడ్డున గంతులేసింది. ఆమె కళ్లు మాత్రం మార్లీ మీద లేవు, బ్రెట్ మొహం మీదే ఉన్నాయి.

ఆ మొహం వాడిపోలేదు. నవ్వుకుంటూ దగ్గరికొచ్చింది. “మా దగ్గరికి వచ్చేయండి గర్ల్స్. కోచింగ్, బోర్డులు, అన్నీ ఇస్తాం” అన్నాడు బ్రెట్.

రంజన నోటినిండా తిట్లు పోగు చేసుకుంది. అవి బయటికి రాకముందే మార్లీ “వస్తాం” అనేసింది.

తిరుగుదారిలో రంజన బస్సును పెట్రోలు బంకులోకి తిప్పి ఆపింది. “సిగ్గులేదా నీకు?” అని అరిచింది.

“ఆంటీ, ఆ క్లబ్బు రూల్స్ చదివారా?” అంది మార్లీ. ముర్రీలలోనూ పెద్దావిడ అంటే ఆంటీయే. “ప్రెసిడెంటుని ఏటా సభ్యులే ఎన్నుకుంటారు. పద్దెనిమిది నిండి, బ్రాంజ్ అనే లైఫ్‌సేవర్ పరీక్ష పాసై, బీచ్‌లో డ్యూటీ చేసిన ప్రతివాళ్లకీ ఓటుంది. ఆ మీటింగుకి పాతికమంది కూడా రారు. అందుకే పదకొండేళ్లుగా అతనికి పోటీ లేదు. మీ పగ ఒక్క ఆదివారానిది. నాకు ఇంకో రెండేళ్లు ఓపికుంది.”

తనకంటే పగ బాగా పట్టే మనిషిని రంజన అప్పుడే మొదటిసారి చూసింది.

“మీరూ బ్రాంజ్ చేయాలి. ఒక్క ఓటు తగ్గితే?” అంది మార్లీ.

ద్వీపంలో పుట్టినా రంజనకు ఈత రాదు. నీళ్లంటే భయం. బ్రాంజ్‌కి నాలుగు వందల మీటర్లు తొమ్మిది నిమిషాల్లో ఈదాలి. మునిసిపల్ కొలనులో చిన్నపిల్లల మధ్య నిలబడి ఆమె బుడగలు ఊదడం నేర్చుకుంది. తర్వాత సముద్రంలో దిగి ఉప్పునీళ్లు మింగి కక్కుకుంది. మొదటి పరీక్ష తప్పింది, రెండోదీ తప్పింది. చేతులు ఆడనని మొరాయించినప్పుడల్లా గోడ మీది ఫొటో తలుచుకునేది. మూడోసారి ఎనిమిది నిమిషాల యాభై సెకన్లకు ఒడ్డు చేరి, ఇసుకలో వెల్లకిలా పడి, ఆకాశాన్ని చూస్తూ బ్రెట్‌ని ఇంటిపేరుతో సహా తిట్టుకుంది.

రంజనతో పాటు రెండు సీజన్లు మార్లీ, ఆమె స్నేహితురాళ్లు, కజిన్లు పద్నాలుగుమంది బ్రెట్ క్లబ్బు బీచ్‌లో డ్యూటీ చేశారు. ఎందరినో నీళ్లలోంచి లాగారు. ఫొటోలోని ఆరుగురిలో నలుగురే మిగిలారు. ఒకమ్మాయి దూరాన గనుల ఊరు మౌంట్ ఐసాకి వెళ్లిపోయింది, ఒకమ్మాయికి పాప పుట్టింది. బ్రెట్ అందరినీ “గర్ల్స్” అనేవాడు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ రంజన లోపల్లోపల పళ్లు నూరుకునేది.

ఈ జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం వార్షిక సమావేశం. ఎప్పటిలాగే పాతసభ్యులు ఇరవైమంది దాకా వచ్చి కూర్చున్నారు. బస్సు ఆగింది, పదిహేనుమంది దిగారు. వాళ్లను చూసి బ్రెట్ మురిసిపోయాడు. ప్రెసిడెంటు పదవికి రంజన లేచి మార్లీ పేరు ప్రతిపాదించే దాకా అతనికి సంగతి అర్థం కాలేదు.

“నేనేం తక్కువ చేశాను? మీకు అన్నీ ఇచ్చాను కదా!” అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధ చూసి రంజనకు కడుపు నిండింది, దాచుకోలేదు కూడా.

ఆమె చెప్పాలనుకున్నది నాలుగేళ్లుగా మనసులో కంఠతా పట్టుకుంది. తీరా నిలబడ్డాక అదంతా వదిలేసింది. గోడ వైపు చెయ్యి చూపించింది.

“ఆ ఆరుగురి పేర్లు చెప్పు, బ్రెట్.”

బ్రెట్ ఫొటో వైపు తిరిగాడు. “మార్లీ” అన్నాడు. ఆ పేరు ఇందాక ప్రతిపాదనలో విన్నాడు. మిగతా అయిదు మొహాల మీదా వేలు తిప్పి, చెయ్యి దించేశాడు. ఆ అయిదుగురిలో ముగ్గురు అతని ఎదురుగానే, రెండేళ్లుగా వేసుకుంటున్న ఎరుపూ పసుపూ చొక్కాల్లో కూర్చుని, అతని మొహంలోకి చూస్తున్నారు. వెనక వరసలో ఒక ముసలాయన, ముప్పయ్యేళ్ల సభ్యుడు, తల దించుకున్నాడు.

చేతులు లేచాయి. మార్లీకి ఇరవై రెండు, బ్రెట్‌కి పదకొండు. ముసలాయన చెయ్యి కూడా మార్లీకే లేచింది.

రంజన ఏడవలేదు, జాలిపడలేదు. ఆ పూట తిన్న సాండ్‌విచ్ అంత రుచిగా జీవితంలో ఏదీ తినలేదని తర్వాత సుగుణతో చెప్పింది.

అందరూ లేస్తుండగా బ్రెట్ గోడ దగ్గరికెళ్లాడు. ఎవరూ అడగకుండానే ఫొటో మేకు నుంచి తప్పించి, రెండు చేతులా పట్టుకుని రంజన దగ్గరికొచ్చాడు.

“మిగతావాళ్ల పేర్లేమిటి?” అని మెల్లగా అడిగాడు.

“నన్నెందుకు అడుగుతావు? వెళ్లి మీ ప్రెసిడెంటుని అడుగు” అంది రంజన.